బడి పిలిస్తే వెళ్ళండి, ఏజెంటు పంపితే వద్దు

ప్రశ్న: నేను కావలిలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తొమ్మిదేళ్ళుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. నాకు 34 ఏళ్ళు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఎడ్ చదివాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉన్నా కొద్ది మార్కుల తేడాతో నాకు రాలేదు. మా వారికి అల్లూరు వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. వరుసగా రెండు పంటలు దెబ్బతిని అప్పు పెరిగింది. ఏడేళ్ళ బాబు ఉన్నాడు. గల్ఫ్‌లో ఇంటర్నేషనల్ స్కూల్లో ఉద్యోగం ఇప్పిస్తానని చెన్నైలో ఒక ఏజెంటు రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్ళాలట, అక్కడికి చేరాక వీసా మారుస్తారట. మా అత్తగారేమో "అప్పు తీర్చేదానికి ఇంకో అప్పు చేసి పోతావా?" అంటున్నారు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అక్కడి పద్ధతుల్లో నేను ఇమడగలనా? మొన్న రొట్టెల పండుగకు నెల్లూరు వెళ్ళి, ఉద్యోగం రావాలని కోరుకొని స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె కూడా పట్టాను. ఏం చేయమంటారు?

సమాధానం:

చెల్లెమ్మకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రెండున్నర లక్షలు కట్టవద్దు. మీరు కొంచెం నొచ్చుకొని రాసినట్టున్న మీ అత్తగారి మాటే ఈ విషయంలో సరైన మాట.

మన దేశం నుంచి విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ఎవరైనా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. అలా నమోదైన ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప మరేమీ తీసుకోకూడదు. ఆయన లైసెన్సు నంబరు అడగండి, చెబితే కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ పేరు ఉందో లేదో మీరే చూసుకోండి, చెప్పకపోతే ఆ మౌనమే మీకు జవాబు. ఆయన చెప్పే దేశం యూఏఈ అయితే, 2021లో వచ్చిన అక్కడి కార్మిక చట్టం ఉద్యోగిని నియమించుకోవడానికి అయ్యే ఖర్చును యజమాని మీదే పెట్టింది. నిజంగా మీరు కావాలనుకున్న బడి మీ వీసాకు తానే డబ్బు కడుతుంది, చాలా చోట్ల టికెట్టు కూడా పంపుతుంది. విజిట్ వీసా మీద దిగి బడిలో పాఠం చెప్పడం అక్కడి చట్టం దృష్టిలో నేరం, దొరికితే శిక్ష పడేది మీకు, ఏజెంటుకు కాదు. "వెళ్ళాక మారుస్తారు" అన్న మాటకు అర్థం, చేతిలో ఒప్పందం లేకుండా, తిరిగి వచ్చే డబ్బు లేకుండా, వాళ్ళు ఎంత ఇస్తామంటే అంతకు తల ఊపవలసిన స్థితిలో మీరు ఆ బడి గుమ్మం ముందు నిలబడతారని.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను 1997లో ఒంగోలు నుంచి అలాగే వెళ్ళాను. మా నాన్నగారు ఆ ఏడు పొగాకు అమ్మిన డబ్బు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టారు. బడి ఉంది, పిల్లలు ఉన్నారు, నాకు చెప్పిన జీతంలో సగం మాత్రమే ఉంది, ఆ సగం కూడా రెండు నెలలు ఆలస్యంగా వచ్చేది. ఆఫీసు గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. అందులో ఉపాధ్యాయుల పాస్‌పోర్టులన్నీ రబ్బరు బ్యాండు చుట్టి పెట్టేవారు. గుమస్తా బీరువా తెరిచినప్పుడల్లా ఆ కట్టలో నాది ఎక్కడుందోనని చూసుకునేదాన్ని. పదకొండు నెలలు అలా గడిచాయి. ఇప్పుడు యూఏఈలోనూ కతార్‌లోనూ యజమాని ఉద్యోగి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం చట్ట విరుద్ధం. మీరు ఎక్కడికి వెళ్ళినా ఆ పుస్తకం మీ సంచిలోనే ఉండాలి. ఆ తరువాత రెండో బడికి, అక్కడి నుంచి మరో దేశానికి ఏ ఏజెంటూ లేకుండా వెళ్ళాను. ఆ పంతొమ్మిదేళ్ళు నా జీవితంలో మంచి రోజులు. అందుకే మిమ్మల్ని వెళ్ళవద్దని అనడం లేదు.

ఇంటర్నేషనల్ స్కూల్ అన్న పేరు కింద అక్కడ ఏముందో ముందు తెలుసుకోవాలి. గల్ఫ్ దేశాల్లో సీబీఎస్ఈ గుర్తింపు ఉన్న భారతీయ పాఠశాలలు చాలా ఉన్నాయి. పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవే, పరీక్ష మనదే, పిల్లల్లో ఎక్కువమంది మనవాళ్ళే. బ్రిటిష్ పద్ధతిలో కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి స్థాయి), ఏ లెవెల్ (మన ఇంటర్ స్థాయి) చెప్పే బడులు మరో రకం. 1968లో జెనీవాలో మొదలైన ఇంటర్నేషనల్ బకలారియేట్, అందరూ ఐబీ అనేది, ఇంకో రకం. ఇవేవీ కాకుండా బోర్డు మీద మాత్రమే ఇంటర్నేషనల్ అని రాసుకున్న బడులు అక్కడా ఉన్నాయి, మన కావలిలోనూ ఉన్నాయి. మొదటి రకంలో మీకు సులువుగా ఉద్యోగం దొరుకుతుంది, జీతం మాత్రం తక్కువ. రెండో రకం, మూడో రకం బడుల్లో జీతం బాగా ఎక్కువ, పోటీ కూడా ఎక్కువ, పైగా ఒకే పని చేసే ఇద్దరికి పాస్‌పోర్టును బట్టి వేరువేరు జీతం ఇచ్చే అన్యాయం కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది. ఇది తెలిసి వెళితే బాధ కొంత తగ్గుతుంది.

మీకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు లేరు. మీరు భౌతికశాస్త్రం చెబుతారు. ఇంగ్లీషు టీచర్లకు చాలా దేశాల్లో పాస్‌పోర్టు అడ్డం వస్తుంది. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు బోధనకు ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు ఆంగ్ల దేశాల పౌరులకే ఇస్తారు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పేవారి కొరత మాత్రం ఎక్కడైనా ఉంది. మాల్దీవులకు మన వైపు నుంచి కూడా ఎంతోమంది సైన్స్, లెక్కల ఉపాధ్యాయులు వెళ్ళారు. అక్కడి ప్రభుత్వ బడుల్లో పై తరగతులకు కేంబ్రిడ్జి పాఠ్యక్రమమే ఉంది, కాబట్టి రెండేళ్ళు అక్కడ చేస్తే ఐజీసీఎస్ఈ అనుభవం చేతికి వస్తుంది. జీతం అక్కడి రుఫియాల్లో వస్తుంది, దాన్ని డాలర్లుగా మార్చి ఇంటికి పంపడం ఎప్పుడూ సులువు కాదు, ఆ సంగతి ఒప్పుకొనే ముందే అడగండి.

మీ పరిస్థితిలో నేనైతే రెండు దారులు ఒకేసారి తెరిచి పెడతాను. గల్ఫ్‌లోని సీబీఎస్ఈ బడులకు దరఖాస్తులు పంపుతూనే, చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని కేంబ్రిడ్జి, ఐబీ బడులకు కూడా పంపుతాను. చెన్నై మీకు రైల్లో నాలుగు గంటల దూరం కూడా ఉండదు. అక్కడ రెండేళ్ళు ఐజీసీఎస్ఈ చెప్పిన ఉపాధ్యాయినిని విదేశీ బడి చూసే చూపు వేరు, కావలి నుంచి నేరుగా వచ్చిన దరఖాస్తును చూసే చూపు వేరు. అప్పు తొందర ఉందని నాకు తెలుసు. అయినా ఈ రెండేళ్ళను వృథాగా లెక్క వేయకండి, తరువాతి పదేళ్ళ జీతం దీని మీదే నిలబడుతుంది.

వెతకడానికి కాలం ఉంటుంది. గల్ఫ్‌లోని భారతీయ బడులు చాలావరకు ఏప్రిల్‌లో మొదలవుతాయి, వాటికి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు దరఖాస్తు చేయాలి. బ్రిటిష్, అమెరికన్, ఐబీ బడులు ఆగస్టు చివర గానీ సెప్టెంబరులో గానీ తెరుచుకుంటాయి, వాటి నియామకాలు కూడా నవంబరు నుంచే మొదలై మార్చి దాకా జోరుగా సాగుతాయి. జూన్‌లో వచ్చే "అర్జెంటుగా కావలెను" ప్రకటనలను కొంచెం అనుమానంతో చూడండి. ఆ సమయంలో ఒక ఉపాధ్యాయుడు బడి విడిచి పోయాడంటే ఎందుకు పోయాడో కనుక్కోవాలి. సీబీఎస్ఈ గుర్తింపు ఉన్న విదేశీ బడుల పట్టిక ఆ బోర్డు వెబ్‌సైటులోనే ఉంటుంది, ఐబీ, కేంబ్రిడ్జి సంస్థలు కూడా తమ బడుల పేర్లు దేశాలవారీగా పెడతాయి. ఆ పేర్లు పట్టుకొని ఒక్కొక్క బడి సొంత వెబ్‌సైటులో ఉద్యోగాల పేజీ చూడండి. రోజుకు రెండు దరఖాస్తులు చాలు, కానీ ప్రతి దరఖాస్తూ ఆ బడి గురించి చదివి రాసినదై ఉండాలి.

ఇక కాగితాలు. మన ఆడపిల్లలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, బీఎడ్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పెళ్ళయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో మాత్రం అత్తవారి ఇంటిపేరు వచ్చి చేరుతుంది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు కనబడతారు. అక్కడి అధికారికి మన ఇంటిపేర్ల సంగతి ఏం తెలుస్తుంది? మీ పాస్‌పోర్టు ఇంకా తీసుకోకపోతే పదో తరగతిలో ఉన్న పేరునే, పొడి అక్షరాన్ని విప్పి, ఇంటిపేరు గడిలో పెట్టించండి. పెళ్ళయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకొని తీరాలన్న నియమం పాస్‌పోర్టు చట్టంలో ఎక్కడా లేదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి ఒకే పేరుతో తీసుకున్న పాస్‌పోర్టుల మీద సందర్శక వీసాలకు యూఏఈ 2022 నవంబరులో ఆంక్ష పెట్టింది కాబట్టి ఆ గడి ఖాళీగా వదలవద్దు.

మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ ఇంట్లో ఉన్నాయా, బడి బీరువాలో ఉన్నాయా? మన జిల్లాల్లో చేరిన రోజే వాటిని పుచ్చుకొని దాచే అలవాటు కొన్ని యాజమాన్యాలకు ఉంది. బడిలో ఉంటే పాస్‌పోర్టు పనికో, పై చదువు పనికో కావాలని మర్యాదగా రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. అలాగే అనుభవ ధ్రువపత్రం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ తరగతులకు, ఏ విషయం, వారానికి ఎన్ని పీరియడ్లు చెప్పారో అందులో ఉండాలి, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్ర ఉండాలి. జీతం చేతికి ఇచ్చే బడి అయితే ఇకనుంచైనా బ్యాంకులో వేయమని అడగండి; తొమ్మిదేళ్ళ అనుభవం ఉందని మీరు చెప్పడం కన్నా ఆ ఖాతా పుస్తకం చెప్పడం మేలు. డిగ్రీలకు మొదట రాష్ట్ర స్థాయిలో, తరువాత విదేశాంగ శాఖ దగ్గర ధ్రువీకరణ కావాలి. ఒక దేశపు పత్రాలను మరో దేశం ఒకే ముద్రతో ఒప్పుకొనే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భారతదేశం 2005లో చేరింది కాబట్టి ఒమన్, బహ్రెయిన్, సౌదీ వంటి ఒప్పంద దేశాలకు ఆ అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. యూఏఈ, కతార్, కువైట్‌లు అందులో లేవు, వాటికి ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా వేయించాలి. డిగ్రీ రెగ్యులర్‌గా చదివారా, దూరవిద్యలోనా అని తెలిపే లేఖ విశ్వవిద్యాలయం నుంచి అడగడం కూడా మామూలే. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్స్ పత్రం చివర్లో తీసుకోండి, దానికి గడువు ఉంటుంది.

ఇప్పుడు మీరు నిజంగా భయపడుతున్న చోటికి వద్దాం. ఇమడగలనా అని అడిగారు. బడి మిమ్మల్ని ఎంచుకునేది మీ పాఠాన్ని చూసి. వీడియోలో ఒక ముప్పై నిమిషాల డెమో పాఠం అడుగుతారు. నా రెండో బడిలో చేరిన మొదటి నెలలో కోఆర్డినేటర్ వచ్చి వెనక బెంచీలో కూర్చొంది. ఘర్షణ పాఠం. నేను నలభై నిమిషాల్లో బోర్డు నిండా నిర్వచనాలు రాసి, ఏడు లెక్కలు చేసి చూపించాను. మన దగ్గర అయితే హెడ్మాస్టరు గారు భుజం తట్టి పోయేవారు. ఆమె తన నోటుపుస్తకం నా వైపు తిప్పింది. అందులో రెండు గీతలు గీసి ఉన్నాయి. ఒక దాని కింద నేను అడిగిన ప్రశ్నలు, 31. రెండో దాని కింద పిల్లలు అడిగిన ప్రశ్నలు, సున్నా. ఆమె ఏమీ అనలేదు, మరుసటి వారం మళ్ళీ వస్తానంది.

ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. చివరికి మా ఊరు గుర్తొచ్చింది. సంక్రాంతికి మా వైపు ఒంగోలు గిత్తలతో బండలాగుడు పోటీలు జరుగుతాయి, మీరూ చూసే ఉంటారు. మా తమ్ముడు పంపిన ఒక ఫొటో పెద్దది చేయించి గోడకు అంటించాను: బండ ఇంకా కదలలేదు, జత ముందు కాళ్ళు మడిచి, మెడలు నేల మీదికి వంచి, డెక్కలు మట్టిలో దిగబడి ఉన్నాయి. పిల్లలను ఏమీ అడగకుండా, మీకేం కనబడుతోందో రాయండి అని ఊరుకున్నాను. రెండు నిమిషాలు గదిలో ఒక్క మాట లేదు, ఆ రెండు నిమిషాలు నోరు కట్టుకొని నిలబడడం నాకు చాలా కష్టమైంది. తరువాత కొరియా పిల్లవాడొకడు చెయ్యెత్తి, బండ కదిలాక కూడా ఎద్దులు ఇంతే వంగుతాయా అని అడిగాడు. కదలని వస్తువును కదిలించడానికి కావలసిన బలం, కదిలాక నడిపించడానికి కావలసిన బలం కన్నా ఎందుకు ఎక్కువ అన్న పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ తరువాత స్ప్రింగ్ త్రాసు, ఇటుక తెప్పించి వాళ్ళ చేతనే కొలిపించాను. నిర్వచనం చివరి ఐదు నిమిషాల్లో వాళ్ళే చెప్పారు.

మీ డెమో పాఠం కోసం వేరే ఊరి ఉదాహరణలు వెతకవద్దు. మీ ఇంటి చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తెల్లవారుజామున ఎందుకు తప్పనిసరిగా తిప్పుతారో, రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో, చక్రం నీటిని ఎగజిమ్మితే గాలి తాకే వైశాల్యం ఎలా పెరుగుతుందో మీకు తెలిసినంతగా దుబాయిలో పుట్టిన పిల్లకు ఎవరు చెప్పగలరు? ఐజీసీఎస్ఈ భౌతికశాస్త్రం కోడ్ 0625. ఆ పాఠ్యప్రణాళిక, పాత ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. ఒక ఏడాది పత్రాలు మీరే కూర్చొని రాయండి. విషయం మీకు కొత్త కాదు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు గుర్తులు పెట్టించే చేతికి, ఒక ప్రయోగాన్ని మాటల్లో వర్ణించమని, దానిలో పొరపాటు ఎక్కడ వచ్చి ఉంటుందో చెప్పమని అడిగే ప్రశ్న కొత్తగా అనిపిస్తుంది. ఐబీ డిప్లొమాలో ఆరు విషయాలకు ఏడేసి, మరో మూడు కలిపి మొత్తం 45 పాయింట్లు. అందులో కొంత భాగం విద్యార్థి సొంతంగా చేసిన పరిశోధనకు మీరు వేసే మార్కుల నుంచి వస్తుంది, ఆ మార్కులను బయటివారు నమూనాగా తెప్పించుకొని సరిచూస్తారు. మీరు ఒక పిల్లవాడి మీద జాలిపడి రెండు మార్కులు కలిపితే ఆ సవరణ తరగతి మొత్తం మీద పడవచ్చు. జాలికి అక్కడ చోటు లేదని కాదు, దాన్ని మార్కుల్లో కాకుండా సాయంత్రం కూర్చోబెట్టి చెప్పడంలో చూపాలి.

చేతుల గురించి కూడా చెప్పాలి. పిల్లలను కొట్టడం మన దేశంలో కూడా 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది, అయినా మన బడుల్లో బెత్తం పూర్తిగా పోలేదు. మీరు కొట్టరనే అనుకుంటాను. కానీ ముద్దుగా చెవి మెలిపెట్టడం, బుగ్గ గిల్లడం, జడ పట్టి లాగడం మనకు తప్పుగా తోచవు. అక్కడ అవి ఫిర్యాదులు. చేరిన వారంలోనే పిల్లల భద్రత మీద శిక్షణ ఇస్తారు, దాన్ని శ్రద్ధగా వినండి. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో ఉండకూడదు, మీ సొంత ఫోనుతో పిల్లల ఫొటోలు తీయకూడదు, ఇంట్లో ఎవరో కొడుతున్నారని ఒక బిడ్డ మీ చెవిలో చెబితే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఆ రోజే అందుకు నియమించిన వారికి తెలియజేయాలి.

ఇంగ్లీషు అంతంత మాత్రం అన్నారు. మీ ఉత్తరంలో మీరు జతచేసిన దరఖాస్తు నమూనా చూశాను, వ్యాకరణంలో పెద్ద దోషాలు లేవు. యాస గురించి బెంగ వద్దు, ఆ స్టాఫ్‌రూములో ప్రతి ఒక్కరికీ ఒక యాస ఉంటుంది. నెమ్మదిగా మాట్లాడండి. మనవాళ్ళు ఇంగ్లీషులో అలవాటుగా వాడే కొన్ని మాటలు బయటివారికి వేరే అర్థం ఇస్తాయి: "ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు సందేహం అడగబోతున్నామని, వారికి మాత్రం మీరు చెప్పింది నేను నమ్మడం లేదని. ఇలాంటివి ఓ ఇరవై ఉంటాయి, మొదటి నెలలో తెలిసిపోతాయి. దరఖాస్తులో తండ్రి పేరు, మతం, కులం, వయసు, ఆస్తి వివరాలు తీసేయండి. రెండు పేజీలు చాలు.

ఒప్పందం వచ్చిన రోజు సంతోషంలో సంతకం పెట్టకండి. మొత్తం జీతం ఎంత అన్నదానికన్నా అందులో మూలవేతనం ఎంత అన్నది చూడండి. యూఏఈలో ఏడాది నిండిన ఉద్యోగికి వెళ్ళేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం. నెలకు 5,000 దిర్హాముల జీతంలో మూలం 3,000 అయితే రెండేళ్ళకు 4,200 దిర్హాములు వస్తాయి. అదే మూలం 1,500 అని రాస్తే 2,100 మాత్రమే. ప్రొబేషన్ అక్కడ ఆరు నెలలకు మించకూడదు. ఇల్లు ఇస్తారా, అలవెన్సు ఇస్తారా, ఇల్లు ఇస్తే గది ఒక్కరికా ఇద్దరికా, వేసవి సెలవులకు జీతం ఉందా, ఏడాదికి టికెట్టు ఉందా, ఆరోగ్య బీమా బిడ్డకు వర్తిస్తుందా, బాబు ఫీజులో ఎంత తగ్గింపు అన్న ఈ ప్రశ్నలన్నీ ఈమెయిలులో అడిగి ఈమెయిలులోనే జవాబు తీసుకోండి. మంచి బడి విసుక్కోదు. డబ్బు పంపడానికి, వెళ్ళాక, విదేశాల్లో ఉండే భారతీయుల కోసం ఇక్కడి బ్యాంకులు తెరిచే ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి, దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను ఉండదు. అప్పుకు ప్రతి నెలా ఎంత అన్నది వెళ్ళక ముందే మీరూ మీ వారూ కాగితం మీద రాసుకోండి. చెరువులో ఇంకో పంట వేయడానికి మీ జీతం మళ్ళించనని ఆయన ఆ కాగితం మీద ఒప్పుకోవాలి. ఇంటి విషయంలో చొరబడుతున్నానని అనుకోకండి, విదేశీ జీతాలు ఇలా చెరువుల పాలు కావడం కళ్ళారా చూశాను.

బాబు సంగతి మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాశారు, మీ మనసంతా అక్కడే ఉందని నాకు తెలుసు. బిడ్డను తీసుకెళ్ళే వీలు లేని ఉద్యోగానికి ఒప్పుకోవద్దన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి నాలుగు నెలలు మీరు ఒక్కరే వెళ్ళండి. ఇల్లు, బడి, దారులు తెలిశాక కొత్త టర్ము మొదట్లో బాబును పిలిపించుకోండి. యూఏఈలో కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు నివాసం ఉండాలి, తల్లి పిలిపించుకుంటే తండ్రి రాతపూర్వక అంగీకారం కూడా అడుగుతారు, దాన్ని ఇక్కడే సిద్ధం చేసుకోండి. మీ వారు మీ వీసా మీద వచ్చినా పని చేయాలంటే వేరే అనుమతి కావాలి. చెరువులు వదిలి ఖాళీగా కూర్చోవడం ఆయనకు కష్టం కావచ్చు, ఆ మాట ఇప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి. బాబుకు తెలుగు అక్షరాలు నేర్పి తీసుకెళ్ళండి. అక్కడి భారతీయ బడుల్లో హిందీ ఉంటుంది, చాలా చోట్ల మలయాళం ఉంటుంది, తెలుగు అరుదు. వాళ్ళ నాయనమ్మకు వారానికి ఒక ఉత్తరం రాయిస్తే రెండు పనులూ జరుగుతాయి.

అక్కడి రోజుల గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి ఆరు వారాలు కొత్త, తరువాతి రెండు నెలలు చాలా బరువు. సాయంత్రం నాలుగింటికి గదికి వచ్చి తలుపు వేసుకుంటే ఎవరూ పలకరించరు. ఆ రెండు నెలల్లో రాజీనామా గురించి ఆలోచించకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. తెలుగువారి సంఘాలు గల్ఫ్‌లో ప్రతి పెద్ద నగరంలోనూ ఉన్నాయి, ఉగాదికీ బతుకమ్మకూ కలుస్తారు. వాళ్ళతో ఉండండి, వాళ్ళతోనే ఉండిపోకండి. స్టాఫ్‌రూములో ఫిలిప్పీన్స్, ఈజిప్టు, ఐర్లండు వారితో కూర్చొని అన్నం తిన్న రోజు మీకు ఆ బడి మీదయినట్టు అనిపిస్తుంది. నేను ఒక శుక్రవారం చింతపండు, మామిడికాయ వేసి చేపల పులుసు వండి, ముందురోజుదే మరునాడు బాగుంటుందని చెప్పి శనివారం వడ్డిస్తే, మూడేళ్ళుగా ముక్తసరిగా మాట్లాడే లైబ్రేరియన్ గిన్నె అడుగు దాకా ఊడ్చి తిని, తన పెళ్ళి ఫొటోలు తెచ్చి చూపించింది. రంజాన్ నెలలో బడి వేళలు తగ్గుతాయి, ఉపవాసం ఉన్న పిల్లల ముందు నీళ్ళు తాగకుండా గదిలోకి వెళ్ళి తాగడం మర్యాద. మాల్దీవులకు వెళితే పూజకు విగ్రహం తీసుకెళ్ళవద్దు, అక్కడి కస్టమ్స్ నిబంధనలు ఒప్పుకోవు. దుబాయి సమయం మనకన్నా గంటన్నర వెనక. మీకు రాత్రి ఏడయితే ఇక్కడ ఎనిమిదిన్నర, బాబు నిద్రపోయే లోపు మాట్లాడవచ్చు.

ఈ వారం బడికి వెళ్ళి ఆ సర్టిఫికెట్లు అడగండి. ఏజెంటుకు ఫోను చేసి వద్దని చెప్పండి. అడ్వాన్సు ఏదైనా ఇచ్చి ఉంటే, ఎంత ఇచ్చారో, ఎలా ఇచ్చారో నాకు రాయండి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో చెబుతాను. డెమో పాఠం తయారు చేశాక వీడియో తీసి పంపండి, పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడిగారో నేను లెక్కపెడతాను. ఉద్యోగం వచ్చి, మీరు పట్టిన రొట్టెను తిరిగి వదలడానికి స్వర్ణాల చెరువుకు మీరు ఏ ఏడు వస్తే ఆ ఏడు ముందుగా కబురు చేయండి. ఒంగోలు నుంచి నేనూ వస్తాను.